లైనక్స్ కన్సోల్: తెర కొలత వేరు, అక్షరం కొలత వేరు

లైనక్స్ ఉన్న కంప్యూటర్‌లో బూట్ సందేశాలు దాచకుండా తెర మీద పడేలా పెట్టుకొని, మొదటి కొన్ని సెకన్లు జాగ్రత్తగా చూస్తే ఒక మార్పు కంటపడుతుంది. వ్యవస్థకు గుండె వంటి ప్రోగ్రామ్ అయిన కెర్నల్ పంపే సందేశాలు ముందు పెద్ద పెద్ద అక్షరాలతో, కాస్త మొద్దుగా మొదలవుతాయి. కొన్ని వరుసలు పడ్డాక తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. మళ్ళీ వెలిగేసరికి అవే సందేశాలు చీమల బారుల్లా సన్నబడి, తెర ఎడమ పక్కకు ఒదిగిపోయి ఉంటాయి. ఆ నల్లబడిన క్షణంలో తెర అధికారం చేతులు మారింది. అంతవరకు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రామ్), బూట్‌లోడర్ (కెర్నల్‌ను ఎక్కించే ప్రోగ్రామ్) కలిసి అమర్చిపెట్టిన తెరను గ్రాఫిక్స్ డ్రైవర్ తన అధీనంలోకి తీసుకొని, మానిటర్‌నే అడిగి తెలుసుకొని, దానికి సరిపడే కొలతను కొత్తగా నిర్ణయించింది.

కన్సోల్ (డెస్క్‌టాప్ లేకుండా అక్షరాలతోనే నడిచే తెర) రిజల్యూషన్ మార్చబోయి విఫలమయ్యేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. వారు ఇచ్చే ఆదేశం సరైనదే కావచ్చు, కానీ అది బదిలీ అయిపోయిన అధికారికి పెట్టిన అర్జీ అవుతుంది. గ్రబ్ అనే బూట్‌లోడర్ మెనూ కొలత మారుతుంది, కన్సోల్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఇంకొక పొరపాటు దీనికంటే సాధారణమైనది: అక్షరాలు కనబడటం లేదన్నది అసలు ఇబ్బంది అయితే, దానికి మందుగా రిజల్యూషన్ తగ్గించాలనుకోవడం. తెరకు ఎన్ని చుక్కలు ఉన్నాయన్నది ఒక ప్రశ్న. ఒక అక్షరానికి ఎన్ని చుక్కలు కేటాయించారన్నది మరో ప్రశ్న. ఈ రెండింటినీ విడదీసి చూస్తే, రిజల్యూషన్ జోలికే వెళ్లనక్కరలేని సందర్భాలే ఎక్కువని తేలుతుంది.

వ్యాసంలో ఆదేశాలు, ఫైళ్ల పేర్లు, ఆప్షన్లు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఉన్నాయి. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

పాత సలహాలు ఎందుకు పనిచేయవు

ఐబీఎం 1987లో పీఎస్/2 కంప్యూటర్లతో పాటు తెచ్చిన వీజీఏ ప్రమాణంలో టెక్స్ట్ మోడ్ అంటే నిజంగానే అక్షరాల మోడ్. తెర అంతా అడ్డంగా 80, నిలువుగా 25 గడులుగా ఉండేది. ఒక్కో గడికి మెమరీలో రెండు బైట్లు: అక్కడ ఏ అక్షరం ఉందో చెప్పడానికి ఒకటి, దాని రంగు చెప్పడానికి మరొకటి. మొత్తం తెరకు కలిపి 4000 బైట్లు సరిపోయేవి. ఆ అక్షరాన్ని చుక్కలుగా గీసి మానిటర్‌కు పంపే పని గ్రాఫిక్స్ కార్డుదే. ఒక్కో గడి వెడల్పు 9 చుక్కలు, ఎత్తు 16 చుక్కలు కనుక తెర మొత్తం 720×400 చుక్కలయ్యేది. ఎనిమిది చుక్కల ఎత్తున్న ఫాంట్ ఎక్కిస్తే అవే 400 గీతల్లో 50 వరుసలు పట్టేవి. అంటే ఆ రోజుల్లో కూడా వరుసల సంఖ్య పెంచడానికి దారి ఫాంట్ మార్చడమే. తెర చుక్కలు మారేవి కావు.

1999 జనవరిలో వచ్చిన 2.2 కెర్నల్ నాటికి పీసీల మీద ఫ్రేమ్‌బఫర్ (తెర బొమ్మను చుక్కలుగా దాచుకునే మెమరీ) కన్సోల్ అందుబాటులోకి వచ్చింది. ఇందులో గ్రాఫిక్స్ కార్డుకు అక్షరాల సంగతి తెలియదు. అక్షరాలను చుక్కచుక్కగా గీసేది కెర్నల్; కార్డు ఆ బొమ్మను మానిటర్‌కు పంపుతుంది. అప్పటి నుంచి చాలా ఏళ్ల పాటు కన్సోల్ రిజల్యూషన్ అనగానే వినిపించిన సలహా ఒక్కటే: కెర్నల్ ఆదేశ వరుసలో ‘వీజీఏ=791’ అని చేర్చడం. ఈ 791 ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలియకుండానే కంఠస్థమైపోయింది. తెరల ప్రమాణాలు రూపొందించే వీసా (వీఈఎస్ఏ) సంస్థ ప్రమాణంలో 1024×768 చుక్కలు, 65,536 రంగులు ఉన్న మోడ్‌కు ఇచ్చిన సంఖ్య 279. లైనక్స్ దానికి 512 కలుపుకొంటుంది. అది 791 అవుతుంది. 800×600కు 788, 1280×1024కు 794 కూడా ఇదే లెక్కన వచ్చినవి.

ఈ పద్ధతి పూర్తిగా వీడియో బయోస్ మీద, అంటే గ్రాఫిక్స్ కార్డులోని పాత తరహా ఫర్మ్‌వేర్ మీద, ఆధారపడింది. కెర్నల్ తన అసలు పని మొదలుపెట్టకముందే, ప్రాసెసర్ ఇంకా పాత 16 బిట్ల స్థితిలో ఉండగానే, బయోస్‌ను పిలిచి ఫలానా మోడ్ పెట్టమని అడిగేది. కెర్నల్ మొదలయ్యాక మోడ్ మార్చుకునే వీలు లేదు. ఇప్పటి కంప్యూటర్లు యూఈఎఫ్ఐ అనే కొత్త ఫర్మ్‌వేర్ పద్ధతిలో బూట్ అవుతాయి; అక్కడ పిలవడానికి ఆ బయోస్ సేవే లేదు. గ్రబ్ రెండో తరం కూడా ఈ ఆప్షన్ కాలం చెల్లిందని హెచ్చరిస్తుంది. అయినా ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనబడేవి ఈ సంఖ్యల పట్టికలే కావడం వల్ల, కొత్తగా నేర్చుకునేవారు గంటల తరబడి వాటితో కుస్తీ పడుతుంటారు.

అసలు మలుపు 2009లో వచ్చింది. అప్పటి వరకు గ్రాఫిక్స్ తెరను అమర్చే పని కెర్నల్ బయట, డెస్క్‌టాప్‌ను గీసే ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రామ్ చేసేది. కన్సోల్‌కూ డెస్క్‌టాప్‌కూ మధ్య మారిన ప్రతిసారీ ఇద్దరు వేర్వేరు యజమానులు ఒకే కార్డును చెరోవైపు లాగేవారు, తెర మినుకుమినుకుమనేది. డెస్క్‌టాప్ నడుస్తుండగా కెర్నల్ కుప్పకూలితే ఆ సందేశం చూపే దారి కూడా ఉండేది కాదు. కెర్నల్ మోడ్ సెట్టింగ్, పొట్టిగా కేఎంఎస్, ఆ పనిని కెర్నల్ లోపలికి తెచ్చింది. ఇంటెల్ చిప్‌లకు 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నల్‌తో, ఏఎండీ రేడియన్ కార్డులకు అదే ఏడాది 2.6.31తో, ఎన్విడియా కార్డులకు స్వేచ్ఛా డ్రైవర్ అయిన నూవో ద్వారా 2010లో 2.6.33తో ఈ ఏర్పాటు అందింది. నేడు మామూలు కంప్యూటర్‌లో కన్సోల్ కొలతను నిర్ణయించేది ఈ కేఎంఎస్ డ్రైవరే. కాబట్టి అర్జీ పెట్టవలసింది దానికే.

ముందుగా పరిస్థితి తెలుసుకోవడం

ఏదైనా మార్చేముందు ప్రస్తుతం ఏముందో చూసుకోవాలి. కంట్రోల్, ఆల్ట్ మీటలతో పాటు ఎఫ్3 నొక్కితే డెస్క్‌టాప్ నుంచి నిజమైన కన్సోల్‌లోకి వెళ్లవచ్చు. అక్కడ లాగిన్ అయి ‘ఎస్‌టీటీవై సైజ్’ అని కొడితే రెండు సంఖ్యలు వస్తాయి: ముందు వరుసలు, తరువాత నిలువు గడులు. ‘67 240’ అని వచ్చిందంటే, మామూలు 8×16 ఫాంట్‌తో తెర 1920×1080 చుక్కల మీద నడుస్తోందని అర్థం. 1920ని 8తో భాగిస్తే 240. 1080ని 16తో భాగిస్తే 67న్నర. ఆ అర వరుసలో అక్షరం పట్టదు కనుక తెర అడుగున ఎనిమిది చుక్కల సన్నని పట్టీ ఖాళీగా మిగిలిపోతుంది. ‘48 128’ వస్తే 1024×768. ‘48 170’ వస్తే 1366×768. ‘25 80’ వస్తే బహుశా యంత్రం ఇంకా పాత వీజీఏ టెక్స్ట్ మోడ్‌లోనే ఉంది. ఈ లెక్క ఒకసారి చేతికి వస్తే ఏ యంత్రం ముందు కూర్చున్నా సంగతి క్షణాల్లో తెలిసిపోతుంది.

బూట్ సందేశాల చిట్టాలో, అంటే ‘డీమెస్గ్’ ఆదేశం చూపే వరుసల్లో, ‘కన్సోల్: స్విచింగ్ టు కలర్ ఫ్రేమ్ బఫర్ డివైస్’ అన్న మాటలు ఉన్న వరుస వెతకాలి. మొదట్లో చెప్పిన నల్లబడే క్షణానికి గుర్తు ఆ వరుసే. ఇది ఒకసారి కాక రెండుసార్లు కనిపిస్తే, ముందు ఫర్మ్‌వేర్ అమర్చిన తాత్కాలిక ఫ్రేమ్‌బఫర్ వచ్చి, తరువాత అసలు డ్రైవర్ దాని స్థానం తీసుకుందని గ్రహించాలి. ఇక ‘/సిస్/క్లాస్/డీఆర్ఎం’ ఫోల్డర్‌లో ఒక్కో కనెక్టర్‌కు ఒక్కో ఉపఫోల్డర్ ఉంటుంది: ల్యాప్‌టాప్ తెరకు ‘కార్డ్0-ఈడీపీ-1’, హెచ్‌డీఎంఐ తీగకు ‘కార్డ్0-హెచ్‌డీఎంఐ-ఏ-1’ వంటి పేర్లతో. కార్డు తరువాతి సంఖ్య యంత్రాన్ని బట్టి మారవచ్చు. దాని లోపలి ‘స్టేటస్’ ఫైల్ మానిటర్ తగిలించి ఉందో లేదో చెబుతుంది. ‘మోడ్స్’ ఫైల్‌లో ఆ మానిటర్‌కు నప్పే కొలతలన్నీ వరుసగా ఉంటాయి.

ఈ పట్టిక మానిటర్ నుంచే వస్తుంది. ప్రతి మానిటర్‌లోనూ ఈడీఐడీ అనే 128 బైట్ల గుర్తింపు పత్రం ఉంటుంది. కొన్నిటిలో దానికి అదనపు పుటలు కూడా ఉంటాయి. తయారీదారు ఎవరు, తెర ఎన్ని సెంటీమీటర్లు, ఏ కొలతలు చూపగలదు, అన్నిటికంటే ఏది నప్పుతుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ 128 బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తం 256తో నిశ్శేషంగా భాగించబడాలి. లేకపోతే ఆ పత్రం దారిలో చెడిందని లెక్క. డ్రైవర్ ఈ పత్రాన్ని చదివి, మానిటర్ మొదటి ఇష్టాన్నే కన్సోల్‌కు పెడుతుంది. ఎవరూ ఏమీ చెప్పకపోయినా కన్సోల్ నేరుగా 1920×1080లోనో 3840×2160లోనో తెరుచుకోవడానికి కారణం ఇదే.

అక్షరం పెద్దది చేయడం

14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర మీద 1920 చుక్కలు అడ్డంగా పరిచి ఉంటే ఒక్కో చుక్క వెడల్పు సుమారు 0.16 మిల్లీమీటర్లు. 8×16 ఫాంట్‌లో ఒక అక్షరపు గడి 1.3 మిల్లీమీటర్ల వెడల్పు, 2.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. కళ్లు బాగున్నవారికే అది శ్రమ. 15.6 అంగుళాల 4కే తెర మీద అదే గడి ఎత్తు దాదాపు 1.4 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అది చదవదగ్గ కొలత కాదు. ఇక్కడ రిజల్యూషన్ తగ్గించాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. కానీ ఎల్‌సీడీ తెర మీద చుక్కలు కదలవు. 1920 చుక్కల తెరకు 1280 చుక్కల బొమ్మ పంపితే, బొమ్మలోని ఒక్కో చుక్క తెర మీది ఒకటిన్నర చుక్కను ఆక్రమించాలి. ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరంలోని ఒక చుక్క మందపు నిలువు గీతనే తీసుకుంటే, అది ఒక చుక్కను పూర్తిగా, పక్క చుక్కను సగం వెలుగుతో నింపుతుంది. గీత అంచు అలుక్కుపోతుంది. పక్క అక్షరంలో ఆ సగం వెలుగు మరో వైపున పడవచ్చు. అక్షరం పెద్దదవుతుంది గానీ మసకబారుతుంది. గంట సేపు చదివితే కళ్లు లాగుతాయి. లావుపాటి సీఆర్‌టీ మానిటర్ల కాలంలో ఈ బాధ ఇంతగా లేదు, ఎందుకంటే వాటికి స్థిరమైన చుక్కల గళ్లు ఇలా ఉండేవి కావు. పాత సలహాలు నేటికి నప్పకపోవడానికి ఇదీ ఒక కారణమే.

తెరను దాని సహజ కొలతలోనే ఉంచి ఫాంట్ పెంచితే అక్షరం పెద్దదవుతుంది, అంచులూ పదునుగానే ఉంటాయి. ఇందుకు ‘సెట్‌ఫాంట్’ ఆదేశం చాలు. కన్సోల్‌కు బాగా నప్పే ఫాంట్లలో టెర్మినస్‌ది ముందు వరుస. 6×12 నుంచి 16×32 దాకా అనేక కొలతల్లో దొరుకుతుంది. ‘సెట్‌ఫాంట్ టెర్-132ఎన్’ అని కొట్టగానే అక్షరాలు రెట్టింపవుతాయి. 1920×1080 తెర 120 గడులు, 33 వరుసలుగా మారుతుంది. పేరులోని 32 అక్షరం ఎత్తు. చివరి ‘ఎన్’ మామూలు మందం, దాని బదులు ‘బి’ పెడితే ముద్ద అక్షరం. టెర్మినస్ ఇన్‌స్టాల్ చేయకపోయినా ‘సెట్‌ఫాంట్ -డి’ అంటే ఉన్న ఫాంట్‌నే రెండింతలు చేస్తుంది. నచ్చకపోతే ‘సెట్‌ఫాంట్’ అని ఒక్క మాట కొడితే డీఫాల్ట్ ఫాంట్ తిరిగి వస్తుంది. రీబూట్ అక్కరలేదు, ఏదీ చెడిపోదు. ఒక్క షరతు: ఇది నిజమైన కన్సోల్‌లోనే పనిచేస్తుంది. డెస్క్‌టాప్ మీద తెరిచిన టెర్మినల్ విండోలోనో, దూరం నుంచి మరో యంత్రంలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ ద్వారానో కొడితే, కన్సోల్ దొరకలేదన్న ఫిర్యాదు వస్తుంది. ఆ ఫిర్యాదు చూసి ఫాంట్ లేదనుకొని వెతుకులాడేవారు ఎందరో.

మార్పు శాశ్వతం కావాలంటే డెబియన్, ఉబుంటు వ్యవస్థల్లో ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్ కన్సోల్-సెటప్’ అడిగే ప్రశ్నలకు జవాబిస్తే సరిపోతుంది. అది ‘/ఈటీసీ/డీఫాల్ట్/కన్సోల్-సెటప్’ ఫైల్‌లో ఫాంట్ పేరు, కొలత రాసిపెడుతుంది. ఫెడోరా, ఆర్చ్ వంటి వాటిలో ‘/ఈటీసీ/వీకన్సోల్.కాన్ఫ్’ ఫైల్‌లో ‘ఫాంట్’ అన్న పెద్ద అక్షరాల పదం, సమాన చిహ్నం, ఫాంట్ పేరు రాయాలి. ఇలా రాసినా కొన్నిసార్లు బూట్ మధ్యలో పెద్ద అక్షరాలు వచ్చి, వెంటనే మళ్ళీ చిన్నవైపోతాయి. ఇది లోపం కాదు, వరుసక్రమం తప్పడం. ఫాంట్ ఎక్కిన తరువాత గ్రాఫిక్స్ డ్రైవర్ ఆలస్యంగా వచ్చి కన్సోల్‌ను కొత్తగా కట్టుకుంది, పాత ఫాంట్ ఆ కట్టడంతో పోయింది. డ్రైవర్‌ను ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో (డిస్క్ తెరుచుకోకముందే కెర్నల్ వాడుకునే చిన్న ఫైళ్ల మూటలో) చేర్చి ముందే ఎక్కేలా చేస్తే చిక్కు తొలగుతుంది.

2019 మార్చిలో వచ్చిన 5.0 కెర్నల్ నుంచి 16×32 టెర్మినస్‌ను కెర్నల్‌లోనే పొదిగే అవకాశం ఉంది. తెర చుక్కలు మరీ ఎక్కువగా ఉంటే కెర్నల్ తనంతట తానే పెద్ద ఫాంట్‌ను ఎంచుకునే లెక్క కూడా ఇప్పటి కెర్నల్‌లో ఉంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఏమీ చేయకుండానే కన్సోల్ చక్కగా కనబడటం దీని చలవే. ఆ ఫాంట్‌ను పొదిగిన కెర్నల్ అయితే, బూట్ ఆదేశ వరుసలో ‘ఎఫ్‌బీకాన్=ఫాంట్:టీఈఆర్16×32’ అని, గుణకార చిహ్నం స్థానంలో ఇంగ్లిష్ ఎక్స్ అక్షరం పెట్టి రాస్తే మొదటి సందేశం నుంచే పెద్ద అక్షరాలు వస్తాయి.

రిజల్యూషన్‌నే మార్చవలసి వచ్చినప్పుడు

ఫాంట్ తీర్చలేని అవసరాలూ ఉన్నాయి. పాత ప్రొజెక్టర్ ఒకే కొలత పట్టవచ్చు. 4కే టీవీకి తగిలించిన చిన్న బోర్డు అన్ని చుక్కలు నింపలేక స్క్రోలింగ్‌లో తడబడవచ్చు. మానిటర్ తన గురించి తప్పుగా చెప్పవచ్చు. అప్పుడు కేఎంఎస్ డ్రైవర్‌కు నేరుగా చెప్పే మాట ‘వీడియో’ అన్న కెర్నల్ ఆప్షన్. దాని నిర్మాణం ఇలా: ‘వీడియో’, సమాన చిహ్నం, కనెక్టర్ పేరు, కోలన్, అడ్డం చుక్కలు, మధ్యలో ఇంగ్లిష్ చిన్న ఎక్స్, నిలువు చుక్కలు, కావాలంటే ఆ తరువాత ‘@’ గుర్తు, సెకనుకు ఎన్నిసార్లు తెర తిరగరాయాలో ఆ సంఖ్య. హెచ్‌డీఎంఐ మానిటర్‌ను 1280×720కి తేవాలంటే ‘వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:1280×720@60’ అని, ఎక్కడా ఖాళీ లేకుండా రాయాలి. కనెక్టర్ పేరు ఇంతకుముందు చూసిన ఫోల్డర్ పేరులో ‘కార్డ్0-’ తీసేయగా మిగిలిన భాగం. పేరు వదిలేస్తే ఆదేశం అన్ని తెరలకూ వర్తిస్తుంది. చివర ‘ఈ’ అక్షరం చేరిస్తే మానిటర్ తగిలించకపోయినా ఆ కనెక్టర్ ఉన్నట్టే నడుస్తుంది. ‘డీ’ చిన్న అక్షరం చేరిస్తే ఆ కనెక్టర్ ఆగిపోతుంది.

దీన్ని నేరుగా శాశ్వతం చేయకూడదు. గ్రబ్ మెనూలో బూట్ ఎంట్రీ మీద నిలిచి ‘ఈ’ మీట నొక్కి, ‘లైనక్స్’ అన్న మాటతో మొదలయ్యే వరుస చివర ఈ ఆప్షన్ చేర్చి, ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికే అది అమలవుతుంది. మానిటర్ పట్టలేని కొలత ఇస్తే తెర నల్లగా మిగిలినా, రీబూట్ చేస్తే అంతా యథాస్థితికి వస్తుంది. సరిగా ఉందని కళ్లారా చూశాక ‘/ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్’ ఫైల్‌లో కెర్నల్ ఆదేశాలు రాసే వరుసలో కొటేషన్ గుర్తుల మధ్య చేర్చి, ఉబుంటు, డెబియన్‌లలో ‘అప్‌డేట్-గ్రబ్’ నడపాలి. ఫెడోరా కుటుంబంలోని కొత్త వ్యవస్థల్లో ఆప్షన్ చేర్చే పని ‘గ్రబ్బీ’ ఆదేశానిది. ఫైల్ మార్చి ఈ చివరి అడుగు మరిచిపోవడం వల్లనే, ఎంత మార్చినా ఏమీ కావడం లేదన్న నిస్పృహ తరచుగా కలుగుతుంది. రాస్ప్‌బెర్రీ పైలో గ్రబ్ ఉండదు. బూట్ విభాగంలోని ‘సీఎండీలైన్.టీఎక్స్‌టీ’ ఫైల్‌లో ఉన్న ఒకే ఒక్క పొడవాటి వరుస చివర, ఎంటర్ కొట్టకుండా, ఇదే ఆప్షన్ చేర్చాలి.

అదే గ్రబ్ ఫైల్‌లో కనబడే ‘గ్రబ్_జీఎఫ్ఎక్స్‌మోడ్’ ఎందరినో తప్పుదారి పట్టిస్తుంది. అది గ్రబ్ మెనూ కొలతను మాత్రమే చెబుతుంది. ‘గ్రబ్_జీఎఫ్ఎక్స్‌పేలోడ్_లైనక్స్=కీప్’ అని రాస్తే అదే కొలత కెర్నల్‌కు వారసత్వంగా అందుతుంది, కానీ డ్రైవర్ వచ్చేవరకే. కేఎంఎస్ డ్రైవర్ లేని చోట మాత్రం ఈ వారసత్వమే చివరిదాకా నిలుస్తుంది. అలాంటి యంత్రాల్లో ఇదే సరైన మీట. గ్రబ్ ఆదేశ తెరలో ‘వీడియోఇన్ఫో’ అని కొడితే అక్కడ దొరికే కొలతల పట్టిక వస్తుంది, అందులో ఉన్నదే ఎంచుకోవాలి.

కేఎంఎస్ ఉండి కూడా లేనట్టుండే పరిస్థితి ఒకటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడుతోందని ‘నోమోడ్‌సెట్’ ఆప్షన్ పెడతారు. పని పూర్తయ్యాక అది ఆ ఫైల్‌లోనే ఉండిపోతుంది. ఆ మాట ఉన్నంతకాలం అసలు డ్రైవర్ తెరను ముట్టుకోదు. ఫర్మ్‌వేర్ వదిలివెళ్లిన ఒకే ఒక్క కొలతతో, ఉదాహరణకు 1024×768తో, కన్సోల్ కాలం గడుపుతుంది. ఆ స్థితిలో ‘వీడియో’ ఆప్షన్ ఎన్ని రకాలుగా రాసినా ఫలితం ఉండదు. అందుకే కొలత మారనప్పుడల్లా ‘/ప్రాక్/సీఎండీలైన్’ ఫైల్ తెరిచి, కెర్నల్ నిజంగా ఏ ఆప్షన్లతో మొదలైందో చదవడం మొదటి పని కావాలి. ఎన్విడియా సొంత డ్రైవర్ వాడేవారు ‘ఎన్విడియా-డీఆర్ఎం.మోడ్‌సెట్=1’ అమల్లో ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఇక ‘ఎఫ్‌బీసెట్’ అన్న పాత పనిముట్టు ఇప్పటికీ దొరుకుతుంది గానీ, కేఎంఎస్ డ్రైవర్ల మీద దాన్ని వివరాలు చూడటానికి వాడటమే మేలు. మోడ్ మార్చే శక్తి దానికి ఇక్కడ లేదు.

సర్వర్ గదుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఈడీఐడీ అందకపోవడం. ఒకే మానిటర్‌ను పది యంత్రాలకు పంచే కేవీఎం స్విచ్ కొన్నిసార్లు మానిటర్ గుర్తింపు పత్రాన్ని యంత్రం దాకా చేరనివ్వదు. పత్రం లేకపోతే డ్రైవర్ రిస్కు తీసుకోకుండా 1024×768 దగ్గర ఆగిపోతుంది. నిర్ధారించుకోవడం తేలికే: కనెక్టర్ ఫోల్డర్‌లోని ‘ఈడీఐడీ’ ఫైల్‌ను ‘డబ్ల్యూసీ -సీ’తో లెక్కిస్తే 128 గానీ, 256 వంటి దాని గుణిజం గానీ రావాలి, సున్నా వచ్చిందంటే పత్రం అందలేదు. ఫైళ్ల జాబితాలో కనిపించే పరిమాణాన్ని నమ్మకూడదు. అక్కడ అది ఎప్పుడూ సున్నాయే చూపుతుంది. మానిటర్‌ను నేరుగా తగిలించినప్పుడు ఆ ఫైల్‌ను కాపీ చేసి, ‘/లిబ్/ఫర్మ్‌వేర్/ఈడీఐడీ’ ఫోల్డర్‌లో పెట్టి, ‘డీఆర్ఎం.ఈడీఐడీ_ఫర్మ్‌వేర్’ ఆప్షన్‌లో కనెక్టర్ పేరు, కోలన్, ఫైల్ దారి రాస్తే, స్విచ్ అడ్డుగా ఉన్నా డ్రైవర్‌కు మానిటర్ సంగతి తెలుస్తుంది. ఆ ఫైల్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో కూడా ఉండాలి, లేకపోతే డ్రైవర్ వెతికే సమయానికి డిస్క్ ఇంకా తెరుచుకొని ఉండదు.

రెండు తెరలు ఉన్నప్పుడు కన్సోల్ తీరు చాలామందికి అంతుచిక్కదు. డెస్క్‌టాప్‌లా కన్సోల్ రెండు తెరల మీద పరుచుకోదు; రెండింటి మీదా ఒకే బొమ్మ పడుతుంది, దాని కొలత చిన్న తెరను బట్టి ఉంటుంది. 1366×768 ల్యాప్‌టాప్‌కు 1920×1080 మానిటర్ తగిలిస్తే, పెద్ద మానిటర్ మీద అక్షరాలు ఎడమ పై మూలలోనే ఉండి, కుడి పక్క, అడుగు భాగం నల్లగా మిగిలిపోతాయి. ‘వీడియో=ఈడీపీ-1:డీ’ అని ల్యాప్‌టాప్ తెరను ఆపితే కన్సోల్ పెద్ద మానిటర్ మొత్తం నిండుతుంది. అయితే ఆ తెర డెస్క్‌టాప్‌లో కూడా వెలగదు. కాబట్టి మూత మూసి మానిటర్ మీదే పనిచేసే యంత్రానికి తప్ప ఇది తగదు. వర్చువల్ మెషీన్లలో చిక్కు తక్కువ: వాటిని నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రామ్‌లో కనెక్టర్ పేరు సాధారణంగా ‘వర్చువల్-1’, దానికి ఇదే ఆప్షన్ నప్పుతుంది.

చుక్కలు పెరిగితే పనీ పెరుగుతుంది. ఒకప్పుడు 4000 బైట్లతో నిండిన తెరకు 1920×1080లో, చుక్కకు నాలుగు బైట్ల లెక్కన, 82,94,400 బైట్లు కావాలి. 4కేలో దానికి నాలుగింతలు. ఒక వరుస పైకి జరిగినప్పుడల్లా ఇంత మెమరీ కదలాలి. వేల వరుసలు కక్కే కంపైలేషన్‌ను 4కే కన్సోల్ మీద నడిపితే, అక్షరాలు గీయడమే ఆ పనికి బరువు కావచ్చు. దీనికి తోడు, షిఫ్ట్, పేజ్‌అప్ మీటలతో వెనక్కి జరిపి చూసే వసతిని 2020లో 5.9 కెర్నల్ నుంచి తొలగించారు. పైకి పోయిన వరుస చూడాలంటే ‘లెస్’ గానీ ‘టీమక్స్’ గానీ, అంటే వెనక్కి జరిపి చూపే పనిముట్లు, వాడక తప్పదు.

తెలుగువారికి ఈ కన్సోల్‌తో ఉన్న ఇబ్బంది మాత్రం ఏ రిజల్యూషన్‌తోనూ తీరేది కాదు. తెలుగు పేరున్న ఫోల్డర్‌ను కన్సోల్‌లో ‘ఎల్ఎస్’తో చూస్తే, అక్షరాల బదులు ఒకే రకం గుర్తులు వరుసగా పడతాయి. కన్సోల్ ఫాంట్ పట్టుకోగలిగేది 256, లేదా గరిష్ఠంగా 512 ఆకారాలు. 512 వాడితే ప్రకాశవంతమైన ఎనిమిది రంగులు వదులుకోవాలి. తెలుగు యూనికోడ్ విభాగంలో 128 స్థానాలే ఉన్నాయి కదా, 512లో పట్టవా అనిపించవచ్చు. చిక్కు సంఖ్యది కాదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం మెమరీలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే ఆరు సంకేతాలు. వాటిని కలిపి, ఒత్తులను కిందా పక్కనా సర్ది ఒక్క ఆకారంగా తీర్చాలి. ఒక సంకేతానికి ఒక గడి అన్న సూత్రం మీద కట్టిన కన్సోల్‌కు ఆ కూర్పు తెలియదు. 1987 నాటి ఆ గడుల పట్టికే ఫ్రేమ్‌బఫర్ కాలంలోనూ కొనసాగుతోంది. ఫాంట్ల కూర్పు తెలిసిన పాంగో లైబ్రరీని వాడుకుంటూ కెర్నల్ బయట కన్సోల్‌ను నడిపే కేఎంఎస్‌కాన్ వంటి ప్రయత్నాలు జరిగాయి గానీ, చాలా వ్యవస్థల్లో డీఫాల్ట్‌గా దొరికేది కెర్నల్ కన్సోలే. తెలుగు ఫైళ్లున్న సర్వర్ మీద పనిచేసేటప్పుడు, తెలుగు ఆకారాలను కూర్చగలిగే టెర్మినల్ ఉన్న మరో యంత్రం నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లడమే ప్రస్తుతానికి ఉన్న దారి. సర్వర్ పంపేది సంకేతాలనే. వాటిని తెలుగుగా గీసేది ఇవతలి యంత్రం.